అదర్‌వైజ్ అంటే ప్రతిసారీ 'లేకపోతే' కాదు!

మౌలాలిలో మా రూమ్ నుంచే రికార్డింగ్, మధ్యలో రైలు హారన్ వినిపిస్తే ఏమనుకోకండి. ఈ రోజు ఒకే ఒక్క పదం: అదర్‌వైజ్. ఇది సరిగ్గా అర్థం కాక నేను ఒక నెల జీతం పోగొట్టుకున్నా. ఆ కథ చెప్తా, ముందు మనకు తెలిసిన వాడకం చూద్దాం.

'స్టార్ట్ నౌ. అదర్‌వైజ్, యు విల్ మిస్ ద ట్రైన్.' ఇప్పుడే బయల్దేరు, లేకపోతే ట్రైన్ మిస్సవుతావు. అంటే ముందు వాక్యంలో చెప్పింది జరగకపోతే అని. ఈజీ కదా?

కానీ 'ఐ హ్యాడ్ ఫీవర్, అదర్‌వైజ్ ఐ విల్ కమ్' అని చాలామంది మెసేజ్ పెడతారు. తెలుగులో 'జ్వరం వచ్చింది, లేకపోతే వస్తా' అంటామా? 'లేకపోతే వచ్చేవాణ్ణి' అంటాం. అందుకే అక్కడ 'ఐ వుడ్ హ్యావ్ కమ్' రావాలి.

ఇప్పుడు అసలు విషయం. వైజ్ అంటే పాత ఇంగ్లిష్‌లో తీరు, పద్ధతి. లైక్‌వైజ్, క్లాక్‌వైజ్‌లో ఉన్నది అదే. అదర్ వైజ్ అంటే వేరే తీరులో. 'లేకపోతే' అనేది తర్వాత వచ్చిన అర్థం.

నా మొదటి ఆఫర్ లెటర్‌లో నోటీస్ పీరియడ్ 60 రోజులు, 'అన్‌లెస్ అదర్‌వైజ్ అగ్రీడ్ ఇన్ రైటింగ్' అని ఉంది. 'లేకపోతే' అని చదివితే ఏమీ అర్థం కాలేదు, వదిలేసి సంతకం పెట్టేశా. రిజైన్ చేసినప్పుడు మా లీడ్ '30 రోజులు చాలు తమ్ముడూ' అన్నాడు. నోటితోనే! ఫైనల్ సెటిల్‌మెంట్‌లో మిగతా 30 రోజుల జీతం కట్. ఆ లైన్‌కి అర్థం: రాతపూర్వకంగా వేరేలా ఒప్పుకుంటే తప్ప 60 రోజులే. 'అన్నా, అదే మాట మెయిల్‌లో పెట్టు' అని అడిగి ఉంటే నా డబ్బులు నాకుండేవి.

ఈ అన్‌లెస్, అదర్‌వైజ్ జోడీ మన రాజ్యాంగం 366వ అధికరణ మొదట్లో కూడా ఉంటుంది. కొన్ని పదాలకు అర్థాలు ఇస్తూ, సందర్భాన్ని బట్టి వేరే అర్థం రావాల్సి ఉంటే తప్ప ఇవే తీసుకోవాలి అంటుంది.

ఇంకో చిన్న వాడకం. 'ఏన్ అదర్‌వైజ్ గుడ్ ఫోన్' అంటే ఆ ఒక్క లోపం తప్పిస్తే మిగతా అంతా బాగున్న ఫోన్.

మీ ఆఫర్ లెటర్, రెంటల్ అగ్రిమెంట్ పీడీఎఫ్‌లు ఫోన్‌లోనే ఉంటాయి కదా, తెరిచి అదర్‌వైజ్ అని సెర్చ్ కొట్టండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో 'హౌఎవర్' చూద్దాం. బై!