వార్తల్లో పదం: ఫాంటసీ డ్రాఫ్ట్

అమెరికాలో సెప్టెంబరు మాసమున జాతీయ ఫుట్‌బాల్ లీగు పోటీలు ఆరంభమగుటకు కొలది వారములు ముందుగా, మిత్రులును సహోద్యోగులును ఒకచోట గుమిగూడి, మైదానమున నిజముగా ఆడు క్రీడాకారులను వంతులవారీగా ఎన్నుకొని, తమ ఊహాజట్లను నిర్మించుకొను వేడుకకే ‘ఫాంటసీ డ్రాఫ్ట్’ అని పేరు.

ఓక్లాండ్ రైడర్స్ జట్టులో వాటాదారుడైన బిల్ వింకెన్‌బాక్ 1962లో తన సహచరులతో కూడి ఈ ఊహాజట్ల క్రీడకు రూపకల్పన చేయగా, మరుసటి యేడు ఎనిమిది జట్లతో తొలి డ్రాఫ్టు ఓక్లాండు నగరమున జరిగినది.

ఒక లీగులో ఒక ఆటగాడు ఒక్కరికే దక్కును గనుక, ఎవరికిని అన్యాయము కలుగకుండుటకై, మొదటి ఆవృత్తిలో చివర నిలిచినవాడు రెండవదానిలో ముందుగా కోరుకొనును; మెలికలు తిరుగు ఈ క్రమమునే ‘స్నేక్ డ్రాఫ్ట్’ అందురు. పిమ్మట వారము వారము, ఎన్నుకొన్న ఆటగాడు నిజపోటీలో బంతిని చేబూని పరుగెత్తిన ప్రతి పది గజములకు 1 పాయింటు, ఆ పరుగు ప్రత్యర్థి గోల్ గీతను దాటి టచ్‌డౌన్‌గా ముగిసినచో 6 పాయింట్లు చొప్పున అతని ఊహాజట్టుకు సాధారణముగా లెక్క కట్టుదురు. ఆదివారమునాడు వెనుకబడిన ఊహాజట్టు, సోమవారపు రాత్రిపోటీలో తన ఆటగాడొక్కడు సాధించిన టచ్‌డౌన్‌తో గట్టెక్కుటయు కలదు.

తన ఊరి జట్టును మాత్రమే ఎరిగిన అభిమాని, దీని పుణ్యమా అని, ఎక్కడో గ్రీన్ బేలోనో బఫలోలోనో ఆడు యువకుని గాయమును గూర్చియు కలతపడుచు, లీగునంతటిని కన్నులలో వత్తులు వేసికొని గమనించును. పందెపు సొమ్మును చొరనీయక, చెలిమికొరకే ఆడినచో, ఆటను లోతుగా చూచుటకు ఇంతకుమించిన సాధనము లేదు.