రంగుల నేపథ్యముపై ముద్రల శుభాకాంక్షలు

1843వ సంవత్సరమున లండను నగరమున హెన్రీ కోల్ అను ప్రముఖుడు జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ యను చిత్రకారునిచే క్రిస్మస్ శుభాకాంక్షల పత్రమును గీయించి అచ్చు వేయించిన నాటినుండి ఇట్టి పత్రములు లోకమంతటను వ్యాపించినవి. అయినను, ఆత్మీయులకై స్వహస్తములతో రంగులద్ది సిద్ధపరచిన పత్రమునకుగల విలువ అంగడిలో కొన్నదానికి రాదని నా దృఢవిశ్వాసము.

ఇందులకు నీటిలో కరగు రంగుల మార్కర్లు, రబ్బరు ముద్ర, పిగ్మెంట్ సిరా, చదరపు మీటరునకు 300 గ్రాముల బరువుగల దళసరి కాగితము చాలును. పలుచని కాగితము తడికి ముడుతలు పడును. నున్నని ప్లాస్టిక్ రేకుపై మార్కరుతో రంగును దట్టముగా పులిమి, దానిపై నీటిని తుంపరలుగా చల్లి, ఆ రంగునీటిపై కాగితమును బోర్లించి మెల్లగా అదిమి యెత్తినచో, కుంచెకు సులభముగా లొంగని వర్ణసమ్మేళనము దానిపై వెలయును. ఒకసారి వచ్చిన నేపథ్యము మరల రాదు. ఈ విధానమునందలి ఆకర్షణ యంతయు నిదియే. నీలము, ఆకుపచ్చ వంటి చేరువ రంగులు చక్కగా కలిసిపోవును గాని, పసుపును ఊదాయును తడిలో కలిసినచో మట్టిరంగు తేలును. కావున మొదటి పూత ఆరిన పిదపనే రెండవది వేయవలెను.

నేపథ్యము పూర్తిగా ఆరిన పిమ్మట ముద్రకు సిరా తట్టి, కదల్పక, నిటారుగా నొత్తి, నిటారుగానే తీయవలెను. పెడనలో కలంకారీ పనివారు చెక్క అచ్చును బట్టపై మోపు తీరు చూచినవారికి ఈ ఒడుపు సులభముగా బోధపడును. పిగ్మెంట్ సిరా నెమ్మదిగా ఆరును. అంతవరకు దానిని తాకరాదు.

రాబోవు ఉగాదికి పిల్లలను దగ్గర కూర్చుండబెట్టుకొని ఇట్టి పత్రము నొకదానిని చేసి, దూరముననున్న బంధువులకు తపాలాలో పంపుడు.