వీడియో ఎడిటింగ్‌కు ల్యాప్‌టాప్: చేతిలో 60 వేలే ఉంటే దేనికి పెట్టాలి, దేన్ని వదిలేయాలి?

నికా, వలీమా వీడియోలు తీసి నాలుగు రూపాయలు సంపాదించుకునే కుర్రాళ్లు ఇప్పుడు ప్రతి బస్తీలో కనిపిస్తారు. మొదట ఫోన్‌లోనే కైన్‌మాస్టర్‌తో కటింగ్ నేర్చుకుంటారు. ఆర్డర్లు రావడం మొదలయ్యాక ఇంట్లో ల్యాప్‌టాప్ అడుగుతారు. అబ్బా దుకాణం మీద, అమ్మీ మిషన్ కుట్టి కూడబెట్టిన 50, 60 వేలు ఒక్కసారిగా పెట్టాల్సిన ఖర్చు ఇది. సరిపడని మెషిన్ కొన్నారంటే నాలుగైదేళ్ల దాకా దాంతోనే అవస్థ పడాలి.

షాపులో ‘ఐ7 ఉంది, గ్రాఫిక్స్ కార్డు ఉంది’ అనగానే చాలామంది ఒప్పేసుకుంటారు. కానీ ఐ5, ఐ7 అన్న అంకె కంటే మోడల్ నంబర్ చివర ఉండే అక్షరం ముఖ్యం. ‘యూ’ అంటే తక్కువ కరెంటుతో నడిచే రకం, ‘హెచ్’ అంటే బరువైన పనికి తయారుచేసిన రకం. ఐ7-1255యూలో శక్తివంతమైన కోర్లు రెండే. ఐ5-12500హెచ్‌లో నాలుగున్నాయి. గంట వీడియో ఎక్స్‌పోర్ట్ పెట్టినప్పుడు ఆ ఐ5యే ముందుంటుంది. ఏఎండీలోనూ ఇలాంటి తిరకాసు ఉంది. రైజెన్ 5 7520యూ పేరులో 7000 సిరీస్ అని ఉన్నా, లోపలున్నవి 2019లో వచ్చిన జెన్ 2 తరం కోర్లు.

ఇక అసలు సంగతి. టైమ్‌లైన్ మీద వీడియో ఆగి ఆగి నడవడానికి చాలాసార్లు కారణం ల్యాప్‌టాప్ పాతదవడం కాదు, ఫైల్ రకం. ఫోన్లు, కెమెరాలు వీడియోను గట్టిగా నొక్కి చిన్న ఫైల్‌గా దాస్తాయి. చూపించేటప్పుడు ప్రతి ఫ్రేమ్‌నూ మళ్లీ విప్పాలి. ఆ పనికి చిప్‌లో ప్రత్యేకమైన భాగం ఉంటే వీడియో సాఫీగా నడుస్తుంది, లేకపోతే భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. ఇంటెల్‌లో ఆ భాగం పేరు క్విక్ సింక్. ఫోన్‌లో తీసిన మామూలు హెచ్‌ఈవీసీ వీడియోను ఈమధ్య వచ్చిన ఇంటెల్, ఏఎండీ చిప్‌లు రెండూ విప్పగలవు. చిక్కంతా పెద్ద కెమెరాలతోనే. సోనీ ఏ7-4 లాంటి వాటిలో హెచ్‌ఈవీసీ 10-బిట్ 4:2:2 అనే సెట్టింగ్ ఉంటుంది. దాన్ని 11వ తరం నుంచి ఇంటెల్ ల్యాప్‌టాప్ చిప్‌లు నేరుగా విప్పుతాయి. ఎన్‌విడియా కార్డుల్లో ఆ సౌకర్యం ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తోనే వచ్చింది. అంటే ఆర్‌టీఎక్స్ 3050 కోసం అదనంగా వేలు పోసినా ఈ ఒక్క పనిలో అది అక్కరకు రాదు. కాబట్టి కొనేముందు కెమెరామన్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న, ఏ సెట్టింగ్‌లో తీస్తున్నావని. కలర్ కరెక్షన్, ఎఫెక్టులు ఎక్కువగా చేసేవాళ్లకు గ్రాఫిక్స్ కార్డు కచ్చితంగా పనికొస్తుంది. కటింగ్, పాట, టైటిల్స్ వరకే అయితే దాన్ని వదిలేసి ఆ డబ్బు ర్యామ్‌కూ స్క్రీన్‌కూ పెట్టడం మేలు.

ర్యామ్ 8 జీబీతో పని కాదు. ప్రీమియర్ ప్రోకు హెచ్‌డీ పనికి 16 జీబీ, 4కెకు 32 జీబీ ఉండాలని అడోబీయే చెబుతోంది. ఇప్పుడు 16తో సరిపెట్టుకున్నా, తర్వాత పెంచుకునే స్లాట్ ఉందో లేదో చూడాలి. సన్నటి మోడళ్లలో చాలావాటికి ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, ఇక మార్చలేరు. ఒకే స్టిక్ వేసి అమ్మే మెషిన్లలో ఇంకో నష్టం ఉంది. ఐరిస్ ఎక్స్ఈ గ్రాఫిక్స్ పూర్తి వేగంతో పనిచేయాలంటే ర్యామ్ రెండు చానెళ్లలో ఉండాలి.

స్క్రీన్ గురించి షాపులో ఎవరూ మాట్లాడరు. తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అని రాసి ఉండే ప్యానెల్ వస్తుంది. అందులో దుల్హన్ ఎర్ర జోడా వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. ఎడిటర్ రంగు పెంచుతాడు. అదే వీడియో చుట్టాల ఫోన్లలో కళ్లు చెదిరేంత ఎరుపుగా కనిపిస్తుంది. ‘100 శాతం ఎస్‌ఆర్‌జీబీ’ అని ఉన్నది అడిగి మరీ తీసుకోవాలి. దొరక్కపోతే మంచి మానిటర్ విడిగా కొనుక్కోవచ్చు.

సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున 4కె తీస్తే గంటకు 45 జీబీ. రెండు కెమెరాలతో నాలుగు గంటల ఫంక్షన్ అంటే 360 జీబీ. 512 జీబీ ఎస్ఎస్‌డీలో రెండో షాదీకి చోటుండదు. అందుకే బయటి హార్డ్ డిస్క్‌కు కూడా ముందే బడ్జెట్‌లో కొంత పక్కన పెట్టాలి. పార్టీ చేతికి వీడియో ఇచ్చేదాకా ఫుటేజ్ రెండు చోట్ల ఉండాల్సిందే. రుఖ్సతీని మళ్లీ తీయలేరు కదా.

మెషిన్ మరీ నీరసంగా ఉంటే ప్రాక్సీ పద్ధతి ఉంది. 4కె ఫైళ్లకు చిన్న నకళ్లు తయారుచేసుకుని వాటి మీద ఎడిట్ చేస్తారు, ఎక్స్‌పోర్ట్‌లో అసలు ఫైళ్లే వెళతాయి. ప్రీమియర్‌లోనూ, ఉచితంగా దొరికే డావిన్చి రిజాల్వ్‌లోనూ ఈ సౌకర్యం ఉంది.

డబ్బు దగ్గర చాలా ఇళ్లలో ఒక ప్రశ్న వస్తుంది. ‘నో కాస్ట్ ఈఎంఐ’లో వడ్డీ లేనట్టేనా? క్రెడిట్ కార్డు మీద ఇచ్చేదాంట్లో సాధారణంగా బ్యాంకు వడ్డీ వేస్తుంది, అమ్మేవాళ్లు అంత మొత్తాన్ని ముందే డిస్కౌంట్‌గా తగ్గిస్తారు, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కొన్నవాళ్లే కడతారు. స్టేట్‌మెంట్‌లో వడ్డీ అన్న పద్దు కనిపిస్తుంది. ఆలిమ్ సాబ్‌ను అడిగేటప్పుడు పథకం పేరు కాకుండా ఈ లెక్కంతా చెప్పి అడగాలి.

ఈఎంఐ వద్దనుకునేవాళ్లకు కంపెనీలు వాడి అమ్మేసిన రీఫర్బిష్డ్ మెషిన్లు ఒక దారి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ లాంటి కంప్యూటర్ మార్కెట్లకు వెళ్లి నాలుగు షాపులు తిరగాలి. 7వ తరం, అంతకు ముందు ఇంటెల్ మెషిన్లు ఎంత చౌకగా ఇచ్చినా వద్దు. వాటిలో దాదాపు అన్నింటికీ విండోస్ 11 అధికారికంగా రాదు, విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఎడిటింగ్‌కైతే 11వ తరం, ఆపైనే చూడాలి.

షాపుకు వెళ్లేటప్పుడు సొంత ఫుటేజ్ పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లాలి. టాస్క్ మేనేజర్ తెరిచి, మెమరీ పేజీలో ఎన్ని స్లాట్లు వాడుతున్నారో చూడాలి. ఆ తర్వాత వీడియో ప్లే చేసి, జీపీయూ పేజీలో ‘వీడియో డీకోడ్’ గ్రాఫ్ కదులుతోందో లేదో గమనించాలి. ఆ గ్రాఫ్ పడుకునే ఉండి, సీపీయూ 90 దాటుతుంటే పెన్‌డ్రైవ్ తీసుకుని పక్క షాపుకు వెళ్లడమే.