వంకర పాదం తిన్నబడేది వారాల్లో - నిలబడేది ఇంటివారి ఓర్పుతో

పురిట్లో బిడ్డను చేతికి తీసుకున్న పెద్దవాళ్లు ముందు కాళ్లూ చేతులూ తడిమి చూస్తారు. పాదం లోపలికి తిరిగి, మడమ పైకి లాక్కుపోయి ఉంటే ఇంట్లో అందరి ముఖాలూ మాడిపోతాయి. ఆ తర్వాత నింద తల్లి మీద పడుతుంది. గ్రహణం నాడు గడప దాటిందనీ, కత్తిపీట ముట్టుకుందనీ అంటారు.

ఇందులో తల్లి తప్పేమీ లేదు. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. గర్భంలో పాదం ఏర్పడే తీరులో వచ్చిన తేడా ఇది. కొన్ని కుటుంబాల్లో ఇది వంశంలోనూ ఉంటుంది. సుమారు వెయ్యి మంది శిశువుల్లో ఒకరు ఇలా పుడతారు. ఆడపిల్లల కంటే మగపిల్లల్లో రెట్టింపు. దాదాపు సగం మందికి రెండు పాదాలూ వంకరగానే ఉంటాయి.

చేత్తో మెల్లగా తిప్పితే మామూలుగా వచ్చే పాదం కడుపులో ముడుచుకొని ఉన్నందువల్ల అలా అయినదే. అది చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది. బిగుసుకుపోయి తిరగని పాదమే అసలు వంకర పాదం. దీనిని వైద్యులు క్లబ్ ఫుట్ అంటారు. నూనె మర్దనతో ఇది పోదు. ఏదైనా డాక్టరుకు చూపించి తేల్చుకోవాలి.

కోతకు బదులు కట్లు

ఒకప్పుడు ఇలాంటి పాదాలకు పెద్ద ఆపరేషన్లు చేసేవారు. ఆ పిల్లల్లో చాలామందికి పెద్దయ్యాక పాదం బిగుసుకుపోయి నొప్పి పెట్టేది. స్పెయిన్‌లో పుట్టి అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో పనిచేసిన డాక్టర్ పొన్సెటి (1914-2009) వేరే దారి చూపారు. పసిబిడ్డ పాదాన్ని మెల్లగా కొంచెం తిప్పి, తొడ దాకా పిండికట్టు వేస్తారు. వారానికొకసారి దాన్ని మార్చి మరికొంచెం తిప్పుతారు. సాధారణంగా అయిదారు కట్లతో పాదం దారికి వస్తుంది. ఆయన 1963లోనే ఈ ఫలితాలు ప్రకటించినా వైద్యలోకం దీన్ని అంగీకరించడానికి దశాబ్దాలు పట్టింది.

చాలామంది పిల్లలకు చివర్లో మడమ వెనుక బిగుసుకున్న గట్టి నరాన్ని చిన్న గాటుతో తెంచుతారు. భయపడనక్కరలేదు. మూడు వారాల చివరి కట్టులోనే అది తిరిగి అతుక్కుంటుంది. కట్టు తడవకూడదు. కాలివేళ్లు నీలిరంగుకు మారినా, వాచినా, కట్టులోకి జారిపోయినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

అసలు పరీక్ష ఇంట్లోనే

కట్లు విప్పాక బిడ్డకు కడ్డీకి బిగించిన బూట్లు ఇస్తారు. మొదటి మూడు నెలలు రోజుకు 23 గంటలు వేసి ఉంచాలి. స్నానానికి మాత్రమే విప్పాలి. తర్వాత నాలుగైదేళ్ల వయసు వచ్చేదాకా రాత్రి నిద్రలోనూ, పగటి కునుకులోనూ వేయాలి.

చాలా ఇళ్లలో పని చెడేది ఇక్కడే. వారం వారం కూలి పోగొట్టుకొని, బస్సు చార్జీలు పెట్టుకొని తిరిగిన తల్లిదండ్రులు పాదం తిన్నబడింది కదా అనుకుంటారు. బిడ్డ ఏడుస్తుంటే చూడలేక నాయనమ్మ బూట్లు విప్పేస్తుంది. నెలలు తిరక్కుండానే పాదం మళ్లీ లోపలికి తిరుగుతుంది. కట్లు మొదటికొస్తాయి. పాదం తిరిగి వంకరపోవడానికి ముఖ్య కారణం ఈ బూట్లు మానేయడమే.

బిడ్డ ఏడ్చేది మొదటి కొద్ది రోజులే. రెండు కాళ్లూ కలిపి మడిచి చాపుతూ ఆడిస్తే అలవాటు పడుతుంది. నూలు మేజోళ్లు తొడగాలి. చర్మం కమిలినా, మడమ బూటులో నిలవకపోయినా కడ్డీ మూల పడేయక డాక్టరుకు చూపించాలి.

పుట్టిన మొదటి వారాల్లోనే వైద్యం ప్రారంభిస్తే మేలు. అయితే ఆలస్యమైందని వదిలేయకూడదు. నడక వచ్చిన పిల్లలకు కూడా ఈ పద్ధతి పనికివస్తుంది. కట్లు ఎక్కువ పడతాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో వంకర పాదాన్ని కూడా చేర్చారు. ఊళ్లోని ఆశా కార్యకర్తకు గాని, అంగన్‌వాడీలో గాని చెబితే జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి దారి చూపుతారు.

ఈ రోజు బూట్లు విప్పమని ఏడ్చే బిడ్డే, రేపు తోటి పిల్లలతో సమానంగా బడికి పరుగెత్తాలి. అది నాయనమ్మ ఓర్పు మీదే ఆధారపడి ఉంది.