అసమర్థుణ్ణి తయారుచేసేది ఎవరు?
(గోపీచంద్ నవలలపై కొన్ని మాటలు)

పరీక్షా ఫలితాలు వచ్చిన సాయంకాలం ఏ హాస్టలు వరండాలో చూసినా ఒక దృశ్యం కనిపిస్తుంది. పాసైనవాడు ఇంటికి కబురు చెప్పటానికి తొందరపడుతుంటాడు. తప్పినవాడు ఏమని చెప్పాలో తోచక గోడకి ఆనుకుని నిలబడతాడు. పోయిన మార్కులు మళ్ళీ పరీక్ష రాస్తే వస్తాయని వాడికీ తెలుసు. వాణ్ణి కుంగదీసేది "మన ఇంటి పరువు" అనే మాట. ఈ మాట ఒక మనిషి మనస్సుని ఎంతవరకు తినెయ్యగలదో దాదాపు ఎనభై ఏళ్ళ క్రితమే ఒక తెలుగు రచయిత నవలగా రాసి చూపించారు. ఆయన త్రిపురనేని గోపీచంద్. ఆ నవల 'అసమర్థుని జీవయాత్ర'.

గోపీచంద్ 1910లో కృష్ణాజిల్లా అంగలూరులో పుట్టారు. తండ్రి 'కవిరాజు' త్రిపురనేని రామస్వామి చౌదరి. 'శంబుకవధ', 'సూతపురాణం' రాసి పురాణాలనే నిలదీసిన హేతువాది. సంస్కృత మంత్రాల బదులు అందరికీ అర్థమయ్యే తెలుగులో పెళ్ళిళ్ళు జరిపించినవాడు. అటువంటి ఇంట్లో పెరిగిన కొడుకు ఏ విషయాన్నీ ప్రశ్నించకుండా ఒప్పుకోకపోవటంలో వింతేముంది? 'ఎందుకు' అని అడగటం నేర్పిన తండ్రికే తన నవలని అంకితమిచ్చారు గోపీచంద్.

ఇక్కడ ఒక విచిత్రం గమనించాలి. అంకితం అందుకున్న తండ్రి ప్రశ్నించటం నేర్పినవాడు. నవల లోపల వున్న తండ్రి మాత్రం చనిపోతూ కొడుకు సీతారామారావు నెత్తిన ఒక ఆజ్ఞ పెట్టిపోతాడు. వంశ ప్రతిష్ఠ నిలబెట్టాలి, ఏది పోయినా సరే! ఆ కొడుకు ఆ మాటని అక్షరాలా పాటిస్తాడు. ఆస్తి కరిగిపోతుంది. ఆస్తి పోయినా పెద్దింటివాణ్ణనే భావం మాత్రం పోదు. బ్రతుకు అడిగేది ఒకటి, తండ్రి మాట అడిగేది మరొకటి. ఈ రెంటి మధ్య నలిగి, ఆ కసిని కట్టుకున్న భార్య మీదా, కన్నబిడ్డ మీదా తీర్చుకుంటాడు. లోకమంతా తనకు అన్యాయం చేసిందంటాడు. రామయ్యతాత వంటివాళ్ళు జీవితాన్ని ఉన్నదున్నట్టు చూడమని ఎంత చెప్పినా చెవికెక్కదు. చివరికి తన్ను తానే నాశనం చేసుకుంటాడు.

తెలుగులో తొలి మనోవైజ్ఞానిక నవలగా దీన్ని విమర్శకులు పేర్కొంటారు. మనోవైజ్ఞానికం అనగానే పెద్ద పెద్ద సిద్ధాంతాలు గుర్తుకొచ్చి భయపడనక్కరలేదు. ఇందులో వున్న సూత్రం మన ఇళ్ళల్లో రోజూ కనిపించేదే. తాను ఎలా వుండాలని ఇతరులు చెప్పారో ఆ బొమ్మ ఒకటి మనిషి మనస్సులో వుంటుంది. తాను నిజంగా ఎలా వున్నాడన్నది మరొకటి. వీటి మధ్య దూరం పెరిగినకొద్దీ సిగ్గు పెరుగుతుంది. ఆ సిగ్గుని ఒప్పుకోలేనివాడు నెపం ఎదుటివాడి మీదికి నెడతాడు. సీతారామారావు చేసిందదే. అతనికి తెలివి లేక కాదు. తర్కంలో ఎవరికీ తీసిపోడు. అయితే ఆ తర్కాన్నంతా తన్ను తాను సమర్థించుకోవటానికే ఖర్చుపెట్టాడు. 'ఎందుకు' అన్న ప్రశ్న లోకాన్ని వేశాడు గాని, తండ్రి ఆజ్ఞని వెయ్యలేకపోయాడు.

ఇంచుమించు అదే కాలంలో బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' రాశారు. అందులో దయానిధి తల్లికి వచ్చిన చెడ్డపేరు మోస్తాడు. ఇక్కడ సీతారామారావు తండ్రి సంపాదించిన మంచిపేరు మోస్తాడు. చెడ్డపేరు బరువని అందరికీ తెలుసు. మంచిపేరు కూడా అంత బరువేనని చెప్పటం గోపీచంద్ గొప్పతనం.

ఈ బరువు వెనక సాంఘిక కారణం కూడా లేకపోలేదు. పందొమ్మిదో శతాబ్దం నడుమ బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టాక కాలవల కింద వరి పండింది. రైతు కుటుంబాలకి డబ్బు, చదువు, హోదా వచ్చాయి. 1929 తరవాత ప్రపంచమంతటా ఆర్థికమాంద్యం వచ్చి ధాన్యం ధర పడిపోయింది. అప్పులు మిగిలాయి. రైతుల రుణభారం తగ్గించటానికి 1938లో మద్రాసు ప్రభుత్వం ఒక చట్టమే చెయ్యవలసి వచ్చింది. హోదా వచ్చినంత తొందరగా పోదు గదా! భూమి పోయిన ఇంట్లో కూడా భూస్వామి మర్యాదలు మిగిలే వుంటాయి. గోపీచంద్ తరం ఈ మార్పుని కళ్ళారా చూసింది.

రచయిత మాత్రం ఒకచోట ఆగిపోలేదు. తండ్రి హేతువాదం నుంచి ఎం.ఎన్. రాయ్ భావాలకి వచ్చి, రాడికల్ డెమొక్రాటిక్ పార్టీలో పనిచేసి, తరవాత అరవిందుని తత్త్వం వైపు మొగ్గారు. నడుమ సినిమాలకు దర్శకత్వం వహించారు. కొందరు దీన్ని నిలకడలేమి అన్నారు. నాకు మాత్రం ఇది సీతారామారావు చెయ్యలేని పని అనిపిస్తుంది. తండ్రి మీద గౌరవం పోగొట్టుకోకుండానే తండ్రి దారి దాటి నడిచారాయన. 1962లో మరణించారు. మరుసటి సంవత్సరం 'పండిత పరమేశ్వర శాస్త్రి వీలునామా'కి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఒక తెలుగు నవలకి ఆ గౌరవం దక్కటం అదే మొదలు.

మిత్రులారా, ఈ నవల చదివి 'పాపం, అసమర్థుడు!' అని పక్కన పెట్టేస్తే మనకి ఒరిగేదేమీ లేదు. ఆ పేరు పుట్టుకతో వచ్చింది కాదు. ఇంట్లో ఒకరు, వీధిలో ఒకరు, చివరికి తానే స్వయంగా తగిలించుకున్నది. సీతారామారావు కాలంలో మనస్సుకి జబ్బు చేస్తే 'పిచ్చి' అన్న ఒక్క మాటే వుండేది. ఇవాళ వైద్యం వుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ వైద్యం పొందటాన్ని హక్కుగా చేసింది. 2022లో ప్రారంభమైన టెలిమానస్ వుంది. 14416కి ఫోను చేస్తే వినే మనిషి వుంటాడు. అయినా అందరికంటే ముందు వినవలసినవాళ్ళం పక్క గదిలో వున్న మనమే.

ఈసారి ఫలితాలు వచ్చిన సాయంకాలం గోడకి ఆనుకుని నిలబడ్డవాడి దగ్గరకు వెళ్ళి 'ఎన్ని పోయాయిరా?' అని అడక్కండి. 'టీ తాగుదాం రా' అనండి. రామయ్యతాత చెప్పిన మాట సీతారామారావు చెవికి ఎక్కలేదు. మన మాట మన మిత్రుడి చెవికి ఎక్కవచ్చు.