పుచ్చకాయ: పైచారలు, లోనితీపి

వేసవి ప్రవేశించినంతనే తిరుపతి, చిత్తూరు వీథులలో పుచ్చకాయలు రాశులుగ వెలయును. కొనువాడు కాయను తట్టి చూచును, చారలను పరికించును, కోసినగాని లోని కండ తెలియదు. కోసిన పిమ్మట త్రిప్పి యిచ్చుటకు వీలులేదు. కావున నీ వ్యాపారమంతయు పైతోలుపై నుంచిన నమ్మకమునందు నిలిచియున్నది. ఆ నమ్మకమును విత్తనమునందే పదిలపఱచుట యెట్లను ప్రశ్న శాస్త్రజ్ఞులకే కాక మన రైతునకును ముఖ్యమైనది.

పుచ్చకాయ పుట్టినిల్లు ఆఫ్రికాఖండము. సూడానులోని కొర్డొఫాను ప్రాంతపు పుచ్చయే నేటి తీపిపుచ్చకు మిక్కిలి దగ్గఱి జ్ఞాతియని 2021లో ప్రకటితమైన పరిశోధన తెలిపినది. దాని కండ తెల్లనిది, ఎఱుపు లేదు. నేడు మనము చూచు కెంపువన్నె, తీపి, చారల సొంపు తరతరముల కృషీవలులు మేలైన కాయను ఏరి, దాని గింజనే విత్తుటచేత చేకూరిన సంపద.

తోలురంగు సంక్రమించు విధము సులభముగ బోధపడునది. ముదురుపచ్చని తోలు చారలను అణచును. చారలు లేతపచ్చనను అణచును. నల్లని పచ్చకాయను చారలకాయతో సంకరము చేసినచో మొదటితరమున అన్నియు ముదురుపచ్చగనే యుండును. రెండవతరమున సుమారు నాలుగింట నొకపాలు చారలు మరల పొడచూపును. కనుక కోరిన తోలును రెండు మూడు తరములలోనే పట్టుకొనవచ్చును.

లోని కండ యంత సులభముగ లొంగదు. ఎఱుపునకు మూలము లైకోపీనను వర్ణద్రవ్యము. ఎఱుపు, పసుపు భేదములను కొలది జన్యువులే నిర్ణయించును. కాని తీపి యనేక జన్యువులపైనను, నేల, నీరు, ఎండలపైనను ఆధారపడును. ఎఱ్ఱని కాయలెల్ల తియ్యనివి కావు. పసుపుకండ గలవన్నియు చప్పనివియు కావు. మఱియొక చిక్కు గలదు. తోలు పలుచనై పెళుసైనచో లారీప్రయాణమున పగులును. మిక్కిలి మందమైనచో తినువానికి నష్టము. చెన్నపట్టణమునకును బెంగుళూరునకును సరకు పంపు చిత్తూరుసీమ రైతు ఈ రెంటికిని నడుమ నిలిచియున్నాడు.

ఈ గుణముల నన్నింటిని ఒక్కచోట కూర్చిన నిదర్శనము మన పొరుగుననే కలదు. బెంగుళూరు చెంత హెస్సరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ, అమెరికాలో 1963లో విడుదలయైన క్రింసన్ స్వీటు అను చారల పుచ్చను తన సొంత వంశముతో సంకరించి, తరతరముల ఏరికచేత అర్క మాణిక్ రకమును స్థిరపఱచినది. దాని తోలుపై మసకచారలు, కండ ముదురుకెంపు, కరిగిన ఘనపదార్థములు నూటికి 12 మొదలు 15 వఱకు, కాయ సగటున 6 కిలోలు. బూడిదతెగులు, బూజుతెగులు, పక్షికన్ను తెగులు అను మూడింటిని అది తట్టుకొనును. ఇది స్థిరమైన రకము గనుక పరరకములతో కలియనీయక కాపాడిన గింజను రైతు మరల విత్తుకొనవచ్చును.

సంకరవిత్తనము సంగతి వేఱు. దానినుండి తీసిన గింజ విత్తినచో చారలొకచోట, చప్పదన మింకొకచోట తేలి పంట చెదరిపోవును. కావున ప్రతియేట అంగడికి పోక తప్పదు. పసుపుతోలున ఎఱ్ఱకండ, పచ్చతోలున పసుపుకండ గల తైవాను సంకరములు నేడు మన పొలములకును వచ్చినవి. వానిని నిందింపనక్కఱలేదు, వాని దిగుబడి, ఏకరూపత మెచ్చదగినవే. కాని విత్తనపు తాళపుచెవి యెల్లకాలము పరహస్తమున నుండుట క్షేమము కాదు.

స్వయముగ ఏరుటకు రైతునకు గొప్ప యంత్రము లక్కఱలేదు. పుచ్చలో మగపూవు, ఆడుపూవు వేఱు. విచ్చుటకు ముందటి సాయంకాలము రెంటికిని సంచి తొడిగి, మఱునాటి యుదయమున అదే తీగ మగపూవు పుప్పొడిని ఆడుపూవునకు రాచి, మరల సంచి కట్టి గుర్తుంచవలెను. తేనెటీగ తెచ్చిన పరాయిపుప్పొడి ఈ కాయ తోలును మార్చదు. తోలు తల్లితీగకు చెందినది. దాని ఫలితము గింజలలో దాగి రాబోవు పంటలో బయటపడును. కాయ పండినపుడు కోసి, తోలును, కండను, తీపిని వ్రాసికొని, మేలైనదాని గింజనే దాచవలెను. తీపిని కొలచు చేతిపరికరము కొందఱు కలిసి కొనుటకు అందనిది కాదు. 2001 సంవత్సరపు వృక్షరకముల పరిరక్షణ, రైతుహక్కుల చట్టము గింజను దాచుకొనుటకు, విత్తుకొనుటకు, మార్చుకొనుటకు, ముద్రవేయక విక్రయించుటకు రైతునకు హక్కు నొసగినది. తాను వృద్ధిచేసిన రకమును తన పేర నమోదు చేయించుకొనుటకును అవకాశ మిచ్చినది.

తిరుపతికి ఈ విద్య క్రొత్తది కాదు. 1961లో అచట శ్రీ వేంకటేశ్వర వ్యవసాయ కళాశాల నెలకొన్నది. నారాయణి, ధరణి, కాళహస్తి అను వేరుసెనగ రకములు తిరుపతి పరిశోధనాస్థానమునుండియే వెలువడినవి. అందు కాళహస్తి రకము ఆ ప్రాంతపుపేరనే పిలువబడిన తెవులును ఎదుర్కొనుటకై పుట్టినది. వేరుసెనగకు దక్కిన శ్రద్ధ పుచ్చకును దక్కవలెను. పరిశోధకులు నిలుకడగల స్థిరవంశముల నిచ్చి, రైతుసంఘములు పొలములలో ఏరికకు పూనుకొన్నచో, చూడగనే యీ సీమదని గుర్తింపదగిన చార యొకటి రూపొందవచ్చును. అయితే చార చూచి కొన్నవాడు కండ రుచి చూచి మరల రావలెను. తీపిని వెంటగొని రాని చార వట్టి వేషము. తీపికి సాక్ష్యము పలుకు చార రైతునకు పరువు, బేరమునకు బలము.