డిగ్రీ కాగితానికి అంత విలువ ఎందుకు?

సంతలో ఎద్దును కొనే రైతు ముందుగా దాని నోరు తెరిచి పళ్లు చూస్తాడు. నాలుగడుగులు నడిపిస్తాడు. వీలైతే కాడి కట్టి చూస్తాడు. ఉద్యోగమిచ్చే యజమానికి ఆ వీలు లేదు. ఎదుట నిలబడిన కుర్రవాడు పనిమంతుడో కాదో చేర్చుకున్న కొన్నాళ్లకు గాని బయటపడదు. మరి దేన్ని చూసి జీతం ఖాయం చేస్తాడు?

ఈ ప్రశ్నను పట్టుకునే అమెరికా ఆర్థికవేత్త మైకేల్ స్పెన్స్ 2001లో నోబెల్ బహుమతి అందుకున్నారు.

ఆయన 1943లో న్యూజెర్సీలో పుట్టి, కెనడాలో పెరిగారు. ప్రిన్స్టన్‌లో తత్వశాస్త్రం, ఆక్స్‌ఫర్డ్‌లో గణితం చదివారు. అర్థశాస్త్రం వంతు ఆఖరున వచ్చింది. 1972లో హార్వర్డ్ నుంచి డాక్టరేట్ పొందారు. ఉద్యోగాల బజారు గురించిన ఆయన వ్యాసం మరుసటి ఏడు వెలువడింది.

అందులోని వాదన ఇది. తెలివి, ఓపిక గలవాడు చదువును సులువుగా గట్టెక్కిస్తాడు. అవి లేనివాడికి అదే చదువు కొండంత బరువు. కాబట్టి లోపలి సత్తాకు డిగ్రీ పైకి కనబడే గుర్తు అవుతుంది. యజమాని ఆ గుర్తును చూసి ఎక్కువ జీతమిస్తాడు. కాలేజీలో నేర్చినది పనిలో అణువంత ఉపయోగపడకపోయినా ఈ ఏర్పాటు సాగిపోతుంది! అంతమాత్రాన చదువు వట్టిదని స్పెన్స్ అనలేదు. పనితనం పెరగకపోయినా జీతాల్లో తేడా ఎలా వస్తుందో లెక్క కట్టి చూపారు.

మెలిక మరొకటి ఉంది. ఆ గుర్తు అందరికీ ఒకే తేలికతో దొరికితే ఇక గుర్తుగా పనికిరాదు. పదిమందిలో పదిమందికీ డిగ్రీ ఉంటే యజమాని పైమెట్టు డిగ్రీ అడుగుతాడు. బంట్రోతు పనికి పట్టభద్రులు బారులు తీరడం మన వైపు కొత్త కాదు. ఎకరం అమ్మి కొడుకును చదివించిన తండ్రికి ఈ సంగతి ఏ ప్రొఫెసరూ చెప్పనక్కరలేదు.

స్పెన్స్‌తో బహుమతి పంచుకున్నవారు ఇద్దరు: జోసెఫ్ స్టిగ్లిట్జ్, జార్జి ఆకెర్లాఫ్. సరుకు గుణం అమ్మేవాడికే తెలిసి కొనేవాడికి తెలియకపోతే ఏమవుతుందో చెబుతూ, 1970 నాటి వ్యాసంలో ఆకెర్లాఫ్ మన ఇల్లాళ్లు బియ్యంలో రాళ్లు ఏరుకోవడాన్ని ఉదహరించారు.

1984లో స్పెన్స్ హార్వర్డ్‌లో కళలు, శాస్త్రాల విభాగానికి డీన్ అయ్యారు. 1990 నుంచి 1999 వరకు స్టాన్‌ఫర్డ్ బిజినెస్ స్కూలు డీన్‌గా ఉన్నారు. డిగ్రీ గుర్తు మాత్రమే కావచ్చునన్న మనిషే అంత పేరున్న డిగ్రీలిచ్చే చోట పెద్ద కుర్చీలో కూర్చోవడం తమాషాయే.

2006లో ఏర్పడిన అభివృద్ధి కమిషన్‌కు ఆయన అధ్యక్షుడు. మన మాంటెక్ సింగ్ అహ్లూవాలియా అందులో సభ్యులు. 1950 తర్వాత 25 ఏళ్లో అంతకు మించో ఏటా 7 శాతం చొప్పున పెరిగిన దేశాలు 13 అని 2008 నివేదిక లెక్కతేల్చింది. అప్పటికి ఆ జాబితాలో భారత్ లేదు, ఆ దారిలో ఉందని మాత్రం పేర్కొన్నారు. చదువు ప్రస్తావన అక్కడా వచ్చింది. బడిలో ఎన్నేళ్లు గడిపారన్న లెక్క చాలదని, బిడ్డలకు నిజంగా వచ్చిందేమిటో అందులో తెలియదని ఆ నివేదిక రాసింది.